నెల్లూరి పలుకుబడికి నవ్వు నేర్పిన రమణారెడ్డి

నెల్లూరికి ఆగ్నేయంగా, సముద్రం వైపు సాగిపోయే దారిలో తోటపల్లి గూడూరు ఉన్నది. ఒకప్పుడు మొలగొలుకులకు పేరుగన్న మాగాణి ఒక వంక, కోడూరు తీరపు ఇసుక తిన్నెలు మరొక వంక. 1950, 1960 దశకాలలో ఈ సీమలో పెరిగిన పిల్లలకు పట్టణమంటే నెల్లూరు, నెల్లూరంటే సినిమా. పెద్దలు కచేరీ పనికో, ధాన్యం బేరానికో, ఆస్పత్రికో పట్టణం పోతూ ఉంటే, పిల్లలు వెంటపడింది తెరమీది బొమ్మ కోసమే. పట్టణం పోయే భాగ్యం లేనివారికి డేరా సినిమా ఉండనే ఉన్నది. రంగుల బొమ్మలు అంటించిన బండి డప్పు చప్పుడుతో వీధి వెంట పోతూ కాగితాలు పంచేది. సాయంత్రం కాగానే డేరాలో నుంచి పాటలు వినవచ్చేవి. నేల టిక్కెట్టు కొన్నవారు ఇసుకను పోగుచేసి, దానిమీద కూర్చుండి, రీలు మార్చే విరామంలో వేరుసెనగ కాయలు ఒలుచుకొంటూ అర్ధరాత్రి దాకా చూచేవారు.

మరునాడు ఆ పిల్లలు కథానాయకుని వలె కత్తి తిప్పడానికి ఎంత ఉబలాటపడేవారో, ఒక బక్కపలచని మనిషివలె మెడ సాచి, చేతులు ఊపుతూ, మాటను సాగదీసి పలకడానికీ అంత ఉబలాటపడేవారు. ఆ బక్కపలచని మనిషి రమణారెడ్డి. మిగిలిన ఆంధ్రదేశానికి ఆయన ఒక మంచి హాస్యనటుడు. నెల్లూరి సీమకు మాత్రం అంతకు మించిన వాడు. తెరమీద తమ మాట వంటి మాట వినిపించిన వాడు.

తిక్కవరపు వెంకట రమణారెడ్డి 1921 అక్టోబరు 1వ తేదీన నెల్లూరు జిల్లా జగదేవిపేటలో జన్మించారు. ఆయనకు ముప్పదిరెండేండ్లు నిండిన దినాననే, అనగా 1953 అక్టోబరు 1వ తేదీననే, ఆంధ్రరాష్ట్రం అవతరించడం ఒక చిత్రమైన కలయిక. అంతవరకు నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఒక జిల్లా. తెలుగు చలనచిత్రాల నిర్మాణమంతా మద్రాసులోనే జరిగేది. రైలెక్కితే కొద్ది గంటలలో చేరగల దూరం కావడం చేత నెల్లూరి యువకులకు ఆ నగరం అందని మ్రానిపండు కాదు. రమణారెడ్డి పుట్టిన 1921లోనే సూళ్ళూరుపేట సమీపాన మంగళంపాడులో ఆచార్య ఆత్రేయ జన్మించారు. నాటకకర్తగా పేరొంది, పిమ్మట సినిమా పాటకు, మాటకు కొత్త తీరు దిద్దినవారాయన. ప్రతినాయకుడుగా తెలుగునాటిని భయపెట్టిన రాజనాల సైతం ఈ జిల్లావారే. ఒకే తరంలో ఒకే సీమనుండి ఇందరు రావడానికి మద్రాసు సామీప్యం ఒక కారణం. రెండవది నెల్లూరి నాటక సంప్రదాయం.

ఈ సంప్రదాయాన్ని గూర్చి కొంత చెప్పుకొంటే గాని రమణారెడ్డి గొప్పతనం బోధపడదు. పందొమ్మిదవ శతాబ్ది చివర నెల్లూరిలో ఆంధ్ర భాషాభిమాని సమాజం వెలసింది. వేదము వేంకటరాయ శాస్త్రిగారి నాటకాలను ఆ సమాజం ప్రదర్శించింది. శాస్త్రిగారు మహాపండితులు, గ్రాంథిక భాషకు గట్టి పక్షపాతులు. అయినప్పటికీ 1897 నాటి తమ ప్రతాపరుద్రీయ నాటకంలో చాకలి పేరిగాని చేత గ్రాంథికం పలికించలేదు. వాని నోట వాని మాటనే ఉంచారు. పాత్రోచిత భాష అన్న పేరుతో తెలుగు నాటకంలో అది పెద్ద చర్చకు దారితీసింది. ఎవరి నోట ఏ మాట సహజమో ఆ మాటయే పలకాలన్నది ఆ వాదానికి సారం. అంతకు పూర్వం పదమూడవ శతాబ్దిలో ఈ నెల్లూరిలోనే, మనుమసిద్ధి కొలువులో, తిక్కన సోమయాజి భారతంలోని పదునైదు పర్వాలను తెనిగించారు. పాత్రలు ఎదురెదురుగా నిలిచి మాటాడుకొంటున్నట్లు తోపించే ఆయన నాటకీయతను, తెలుగు పలుకుబడిపై ఆయనకు గల మక్కువను సాహిత్య విద్యార్థులందరూ ఎరుగుదురు. రమణారెడ్డిని తిక్కనతో పోల్చడం కాదిది. మాటకు మనిషి వాసన ఉండాలన్న పట్టింపు ఈ నేలకు కొత్త కాదని చెప్పడమే ఉద్దేశం.

రమణారెడ్డి తొలుత నటనతో బ్రతికినవారు కారు. నెల్లూరిలో చాలకాలం శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేశారు. ఆ ఉద్యోగం కుర్చీలో కూర్చుండి చేసేది కాదు. వీధులు, కాలువలు, అంగళ్ళు, కాఫీ హోటళ్ళు తిరిగి చూడాలి. తప్పు చేసినవాడు తప్పించుకోవడానికి చెప్పే సాకులు వినాలి. వంగి దండం పెట్టేవాడు, కసరుకొనేవాడు, పెద్దల పేరు చెప్పి బెదిరించేవాడు నిత్యం ఎదురుపడుతూ ఉంటారు. లోభమూ, జంకూ, డాంబికమూ మానవ ముఖంమీద ఎట్లా కదలాడుతాయో గమనించడానికి ఇంతకంటె మంచి పాఠశాల ఏముంటుంది?

నిర్మాత శంకరరెడ్డి ప్రోత్సాహంతో 1952లో వచ్చిన మానవతి చిత్రంలో ఆయన వేషం కట్టారు. ఆ చిత్రం అంతగా నడవకపోయినా కొత్త నటుని మీద పరిశ్రమ దృష్టి పడింది. బి. ఎన్. రెడ్డిగారి బంగారుపాప ఆయనకు గుర్తింపు తెచ్చింది. 1955 జనవరిలో విడుదలైన మిస్సమ్మ కూడ ఆయనకు పేరు తెచ్చింది. ఎల్. వి. ప్రసాద్ దర్శకత్వంలో విజయా సంస్థ తీసిన ఆ చిత్రంలో ఆయన వేసినది అప్పులిచ్చే డేవిడ్ పాత్ర. తండ్రి చేసిన బాకీని ఆధారం చేసుకొని కూతురి వెంటపడే మనిషి. కథలో ఆ పాత్ర చేసే పని క్రూరమైనదే. మరొక నటుడైతే ప్రేక్షకుడు పళ్ళు కొరికేవాడు. రమణారెడ్డి వేసినందువల్ల ఆ మనిషి ఆశపోతుతనమూ పిరికితనమూ ఒకేసారి బయటపడి ప్రేక్షకుడు నవ్వాడు. నవ్వినా, అప్పులవాని మీద గల ఏవగింపు తగ్గలేదు. ఇదే ఆయన విద్యలోని కీలకం.

అదే సంవత్సరం సారథీ సంస్థ పక్షాన తాపీ చాణక్య తీసిన రోజులు మారాయి వచ్చింది. అందులో ఆయన కరణం సాంబయ్య. నేటి విద్యార్థులకు కరణమంటే కొంచెం వివరించి చెప్పవలసి ఉంటుంది. గ్రామంలో భూముల లెక్కలన్నీ కరణం చేతిలో ఉండేవి. ఎవరి పేరున ఏ చేను ఉన్నదో, శిస్తు ఎంతో, బాకీ ఎంతో ఆయన చిట్టాలకు తెలియాలి. చదువురాని రైతుకు ఆ లెక్క అంతుపట్టేది కాదు. కలం ఒక గీత తప్పితే చేను చేతులు మారవచ్చు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దుచేసే వరకు ఆ వ్యవస్థ నిలిచి ఉన్నది. కరణాలందరూ దుర్మార్గులని కాదు. కాని కలం పట్టినవాని ముందు నాగలి పట్టినవాడు జంకవలసిన స్థితి మాత్రం వాస్తవం. అటువంటి రోజులలో జమీందారు పక్కన చేరి పన్నాగాలు పన్నే కరణాన్ని తెరమీద చూచి, నేల టిక్కెట్టు రైతు పకపక నవ్వగలిగాడు. పగలు ఎవరి ఎదుట తలవంచుకొని నిలబడ్డాడో, రాత్రి వాని నీడను చూచి నవ్వడమంటే సామాన్యమైన సంగతి కాదు. చట్టాలు చేయవలసిన పని నవ్వు చేయలేదు. కాని భయం తీరనిదే మనిషి చట్టాన్ని కూడ అడగలేడు.

ఆ ప్రేక్షకునికి ఈ నవ్వు బొత్తిగా కొత్తదీ కాదు. తోలుబొమ్మలాటలో రామాయణ భారత కథలు నడుస్తూ ఉండగా జుట్టుపోలిగాడు, కేతిగాడు, బంగారక్క నడుమ చొరబడి ఊరివారి గుట్టునంతా ఎత్తి పొడిచేవారు. సంస్కృత నాటకంలో విదూషకునికి ఎంత స్వాతంత్ర్యం ఉన్నదో, పల్లెలో కేతిగానికి అంతకు రెండింతల స్వాతంత్ర్యం ఉన్నది. రాజుగారిని సైతం ఆ బొమ్మ వదలదు. పొడుగాటి కాళ్ళు చేతులతో, సన్నని మెడతో, గాలికి ఊగినట్లు కదిలే రమణారెడ్డి రూపంలో పల్లెవారు ఆ బొమ్మ కదలికనే పోల్చుకొని ఉంటే ఆశ్చర్యం లేదు. స్థూలకాయుడైన రేలంగి పక్కన ఆయన నిలబడితే, నోరు మెదపక ముందే సగం హాస్యం పండేది. ఆ జంట అనేక చిత్రాలలో కలిసి నటించి తెలుగువారిని ఏండ్ల తరబడి నవ్వించింది.

ఇక భాష మాట. తెలుగు మాండలికాలను భాషావేత్తలు పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విభజించారు. కృష్ణా గోదావరి తీరాలు, గుంటూరు మధ్యమండలం. నెల్లూరు రాయలసీమతో పాటు దక్షిణమండలం. పత్రికలకు, పాఠ్యగ్రంథాలకు, సినిమాలకు మధ్యమండలపు భాషయే ప్రమాణమైనది. ఉన్నాడు అనవలసిన చోట ఉండాడు అనేవాడు, ఎట్లా అనక ఎట్టా అనేవాడు, ఏమిటి అనక ఏంది అనేవాడు పట్టణపు బడిలో తోటివారి ముందు తెల్లబోవలసి వచ్చేది. అటువంటి కాలంలో రమణారెడ్డి తన ఊరి సాగదీతను, ఎత్తుగడను దాచుకోలేదు. ఆ పలుకుబడితోనే నటించి మెప్పు పొందారు.

యాసను చిత్రాలలో వాడుకోవడం సులభమే. పాత్ర తెలివితక్కువదని చూపడానికి దానికొక యాస తగిలించడం తరువాతి కాలంలో సినిమావారికి అలవాటైపోయింది. అక్కడ ప్రేక్షకుడు నవ్వేది భాషను చూచి. రమణారెడ్డి పాత్రలు అట్టివి కావు. అవి తెలివిగలవి, మితిమీరిన తెలివి గలవి. ఆ తెలివిని పాడుపనికి వాడి, చివరకు తాము తీసిన గోతిలో తామే పడతాయి. ప్రేక్షకుడు నవ్వేది వాటి బుద్ధిని చూచి. ఈ తేడాను ఉపాధ్యాయులు గమనించవలె. పల్లె పిల్లవాని ఉచ్చారణను చూచి తరగతిలో నవ్వు పుడితే అది మొదటి రకపు నవ్వు. అది పిల్లవాని నోరు మూయిస్తుంది. శిష్టభాష నేర్పడం బడి ధర్మం. ఇంటి భాషను అవమానించడం బడి ధర్మం కాదు.

1957లో కె. వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన మాయాబజార్ ఆయన కీర్తికి శిఖరం. అందులో ఆయన ఘటోత్కచుని కొలువులోని చిన్నమయ. లంబు, జంబు అనే శిష్యులకు మాయలు నేర్పే గురువు. మాట తిరగని శిష్యులతో గురువు పడే అవస్థ ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. పింగళి నాగేంద్రరావుగారు ఆ చిత్రానికి మాటలు వ్రాస్తూ, కొత్త మాటలు పుట్టించే హక్కు రాక్షసుల కొలువుకు కూడ ఇచ్చారు. నోరు తిరగనివాడు పలికిన మాట సైతం అక్కడ పదమై నిలుస్తుంది. తెలుగువారు ఆ మాటలను నేటికీ వాడుతున్నారు. 1962 నాటి గుండమ్మ కథలో ఘంటయ్యగా ఆయన మరల పన్నాగాల మనిషి అయినారు. మేనల్లుడుగా ఆయన వెనుక నిలిచినవాడు రాజనాల. ఇద్దరూ నెల్లూరివారే కావడం ఆ సీమ ప్రేక్షకులకు అదనపు ముచ్చట.

తెరమీద మాయల గురువైన ఈ నటుడు బయట కూడ ఇంద్రజాలికుడే. శ్రద్ధతో గారడీ విద్య అభ్యసించి, సభలలో ప్రదర్శించేవారు. వేషాలు తగ్గిన రోజులలో ఈ ప్రదర్శనలు మరింత విరివిగా ఇచ్చారు. వాటివల్ల వచ్చిన సొమ్మును సేవాసంస్థలకు ఇచ్చేవారు. తెరమీద కాసుకోసం కక్కుర్తిపడే మనుషులను అంత సహజంగా చూపినవాడు, తెర వెలుపల చేతికందిన దానిని పరులకు పంచడం ఆయన జీవితంలోని అందం.

1974 నవంబరు 11వ తేదీన, ఏబదిమూడేండ్ల వయసులో రమణారెడ్డి కన్నుమూశారు. మరుసటి సంవత్సరం నవంబరులో రేలంగి కూడ అస్తమించారు. ఒక హాస్యయుగం అంతటితో ముగిసింది. డేరా సినిమాలు పోయినవి. కరణాలు పోయినారు. 2010లో మాయాబజార్ రంగులు దిద్దుకొని మరల వెలువడింది. ఎన్నడూ డేరాలో ఇసుకమీద కూర్చోని పిల్లలు చిన్నమయను చూచి నవ్వారు.

కాలం మారినా లోభి మారలేదు, అప్పులవాడు మారలేదు, లెక్కలతో కనికట్టు చేసేవాడు అసలే మారలేదు. వారిని చూచి భయపడడం అందరికీ తెలుసు. వారిని చూచి నవ్వడం తెలుగు పల్లెకు నేర్పినవారిలో జగదేవిపేట రమణారెడ్డి ఒకరు. ఆ నవ్వును ఆయన అరువు తెచ్చుకొన్న భాషలో కాక, పెరిగిన ఊరి భాషలో నేర్పారు. తోటపల్లి గూడూరు బడిలో గాని, మరొక పల్లె బడిలో గాని, ఇంటిమాట దొర్లినందుకు తలవంచుకొనే విద్యార్థికి ఆయన జీవితం మంచి ధైర్యం.