ఆంధ్రనాటకపితామహుడు – ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు

వానలు సరిగా కురియని సీమలో విద్యలు మాత్రము పండునా యని కొందరు సందేహింతురు. బత్తలపల్లె, ధర్మవరము మొదలగు మన యూళ్లను గూర్చి యిట్టి మాట తరచుగా వినబడుచుండును. ఆ సందేహమునకు మన పొరుగుననే పుట్టి యుత్తరము చెప్పిన మహనీయుడొకడు కలడు. కవి, నటుడు, గేయకర్త, నాటకశిక్షకుడు, న్యాయవాది – ఇన్నియు తానొక్కడే యై, ఆంధ్రనాటకపితామహుడను బిరుదముతో లోకప్రసిద్ధి నందిన శ్రీ ధర్మవరము రామకృష్ణమాచార్యులవారే యా మహనీయుడు. మహాసభకు నలుదెసల నుండి సోదరులందరును చేరు నీ శుభసమయమున వారి చరిత్రమును స్మరించుట మనకు విధి.

ఆచార్యులవారు 1853వ సంవత్సరమున ధర్మవరమున కృష్ణమాచార్యులు, లక్ష్మీదేవమ్మ యను దంపతులకు జన్మించిరి. నాటికి అనంతపురము ప్రత్యేకమండలము కాదు. అది బళ్ళారిమండలములోని భాగముగా నుండి, 1882లో వేరుపడెను. చదువునకును, వ్యవహారమునకును, కచ్చేరికిని మనవారు బళ్ళారికే పోవలసియుండెను. ఆచార్యులవారును ఆ త్రోవనే పోయి, బళ్ళారిలో న్యాయవాదవృత్తి నవలంబించి స్థిరపడిరి. వారి యిరువదిమూడవ యేట, అనగా 1876లో, ధాత కరవు వచ్చి రెండేండ్లపాటు ఈ సీమను దహించివేసెను. పల్లెలు పాడుపడెను, పశువులు నశించెను, జనులు వేలకొలదిగా మడిసిరి. ఆ కరవును చూచిన తరములోనివారే తరువాత పది సంవత్సరములకు నాటకరంగమును నెలకొల్పిరన్న సంగతి గమనింపదగినది.

మన సీమకు ఆట క్రొత్తది కాదు. వీథినాటకములును, తోలుబొమ్మలాటయు తరతరములుగా నున్నవే. ధర్మవరమునకు సమీపమున నున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబములు నేటికిని ఆ విద్యను నిలుపుకొనియున్నవి. తోలును గీకి పలుచన చేయుట, బొమ్మను గీసి చెక్కుట, రంధ్రములు పొడిచి రంగులు వేయుట, తెరవెనుక నిలిచి ఆడించుట, రామునికొక గొంతు, రావణునికొక గొంతు పెట్టి పాడుట, నడుమ జుట్టుపోలిగాని చేష్టలతో పిల్లలను నవ్వించుట – ఇన్ని పనులు ఒక్క యింటివారే చేయుదురు. పెక్కు విద్యలు ఒక్క చేతిలో కూడియుండుట ఈ నేల యాటకు సహజగుణము. ఆ గుణమే ఆచార్యులవారి యందు మఱియొక రూపమున కనబడుచున్నది.

ఆ దినములలో మహారాష్ట్ర నాటకసమాజములును, పారసీ నాటకసమాజములును ఊరూర తిరిగి ప్రదర్శనములిచ్చుచు జనులను మురిపించుచుండెను. గోదావరీతీరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1880లోనే తెలుగునాటకమును ఆడించిరి. బళ్ళారిలోనో, ఆ పని ఆచార్యులవారికి మిగిలెను. వారు మిత్రులను కూర్చి సరసవినోదినీసభను నడపిరి. 1886లో కన్నడమున స్వప్నానిరుద్ధమును రచించిరి. మఱుసటి యేట, 1887 జనవరిలో, తమ తెలుగునాటకమగు చిత్రనళీయమును ప్రదర్శించిరి. ఆ సభవారు కూలికి ఆడినవారు కారు. పగలెల్ల తమ తమ వృత్తులలో నుండి, మిగిలిన వేళ వినోదార్థమై రంగమెక్కినవారు. ఆచార్యులవారు నాటకము వ్రాయుటయే కాక, పాటలు కట్టి, నటులకు నేర్పి, తామే వేషము ధరించిరి. బాహుకుడుగను, దశరథుడుగను వారు గొప్ప పేరు గడించిరి.

వారి రచనామార్గము ధర్మవరపు సాలెమగ్గమును తలపించును. పడుగు సంస్కృతనాటకమునది, పేక ఆంగ్లనాటకమునది. అంకములను రంగములుగా విభజించుట ఆంగ్లేయుల పద్ధతి. నాంది, ప్రస్తావనలు మన పూర్వుల పద్ధతి. ఆ రెంటి నడుమ రాగతాళములతో కూడిన పాటలను జరీవలె చొప్పించిరి. ఇట్లు వారు సుమారు ముప్పది నాటకములు రచించిరి. పాదుకాపట్టాభిషేకము, ప్రహ్లాద, ప్రమీలార్జునీయము, మోహినీరుక్మాంగద, రోషనార శివాజీ మొదలగునవి వానిలో కొన్ని.

అన్నిటిలో సాహసకృత్యము విషాదసారంగధర. సవతితల్లి చిత్రాంగి నిందను నమ్మి, రాజరాజనరేంద్రుడు తన కుమారుని కాలుసేతులు నరికించును. పూర్వకథలో సిద్ధుడొకడు వచ్చి ఆ యవయవములను మరల మొలపించును, కథ మంగళాంతమగును. ఆచార్యులవారు ఆ యోదార్పును తీసివేసి, దుఃఖమును దుఃఖముగనే ముగించిరి. నాటకము మంగళాంతముగ నుండవలెనను కట్టుబాటు గల దేశమున నిది గొప్ప తెగువ. తెలుగులో మొదటి విషాదాంతనాటకముగా దీనిని పెద్దలు లెక్కింతురు. కొడుకును కోల్పోయి పశ్చాత్తాపమున కుమిలెడు రాజరాజనరేంద్రుని పాత్రమును వారే ధరించిరి. చేసిన తప్పు దిద్దుకొనరానిదైనప్పుడు మనుష్యుడెట్లుండునో చూపుటకే వారు ఆ సిద్ధుని తొలగించిరని నా తలంపు.

1891లో సరసవినోదినీసభ చెన్నపట్టణమునకు పోయి నాటకములాడెను. ప్రేక్షకులలో పమ్మల్ సంబంధ మొదలియారను తమిళయువకుడుండెను. నాటకమనిన చిన్నచూపు గల ఆ యువకుడు, చదువుకొన్న గౌరవనీయులు రంగమెక్కి యాడుట చూచి మనసు మార్చుకొని, ఆ యేడే సుగుణవిలాససభను స్థాపించెను. తమిళ నవీననాటకమునకు మూలపురుషుడుగా నాయన ప్రసిద్ధుడు. ఎండిన మన మిట్టనేలవాని దీపము నుండి చెన్నపట్టణమున మఱియొక దీపము వెలిగెనన్నమాట.

దోషములను దాచుట చరిత్రకారుని ధర్మము కాదు. ఆచార్యులవారి నాటకములలో పాటలు మితిమీరినవనియు, శోకవేళను సైతము పాత్రములు రాగము తీయుట సహజము కాదనియు విమర్శకులు పలికిరి. బళ్ళారిలోనే కోలాచలము శ్రీనివాసరావుగారు చారిత్రకనాటకములతో వేఱొక త్రోవ తొక్కిరి. ఆచార్యులవారి మేనల్లుడు, 1880లో తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవాచార్యులు, రంగమున రాగాలాపనమును నిరసించి, సహజనటనమును నెలకొల్పెను; స్త్రీపాత్రములను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టెను. మేనమామ నాటిన చెట్టునకు మేనల్లుడు కొమ్మలు కత్తిరించెను. అయినను వేరు మామదే. కత్తిరించుటకు చెట్టుండుటయే ఆచార్యులవారి ఘనత.

వారు 1912లో దివంగతులైరి. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరి, నేడు కర్ణాటకమున నున్నది. ధర్మవరము, బత్తలపల్లెలు 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నవి. పుట్టిన యూరొక రాష్ట్రమునను, పేరు గాంచిన యూరు మఱియొక రాష్ట్రమునను పడుటచేత ఇరువైపులవారును ఆయనను పొరుగువానిగా నెంచి మఱచు ప్రమాదము కలదు.

జీవనమునకొక వృత్తి, ఆనందమునకొక విద్య యను రెంటిని ఒకదానికొకటి అడ్డురాకుండ సాగించిన ఆ మహనీయుని చూచి మన యువకులు నేర్వవలసినది చాల కలదు. శిలావిగ్రహములకంటె వారికి తగిన స్మారకము ఆటయే. ఏటేట మహాసభ జరుగు రాత్రులలో విషాదసారంగధర నుండి యొక్క రంగమునైన మన బాలురును, బాలికలును కలసి నేర్చి, తెరలను, వేషములను తామే చేసికొని యాడుదురు గాక. పితామహునకు మనుమలు తీర్చదగిన ఋణమిదియే.