నవాబు తోట, మూసిన గేట్లు

వాల్తేరు డివిజన్ 2003 వరకూ ఆగ్నేయ రైల్వేలో ఉండేది. బదిలీకైనా, ప్రమోషన్‌కైనా అప్పట్లో ఉత్తరాంధ్ర రైల్వే ఉద్యోగులు కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ వైపే చూసేవారు. ఆ ప్రధాన కార్యాలయం ఉన్న హుగ్లీ ఒడ్డునే, మటియాబుర్జ్‌లో, ఒకప్పుడు రాజ్యం పోయిన ఒక రాజు 30 ఏళ్లకు పైగా బతికాడు. ఆయనే అవధ్ చివరి నవాబు వాజిద్ అలీ షా. సత్యజిత్ రాయ్ సినిమా 'శత్రంజ్ కే ఖిలాడీ'లో మనం చూసిన నవాబు.

1822లో లక్నోలో పుట్టాడు. 1856 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ ఆయన రాజ్యాన్ని కలిపేసుకుంది. న్యాయం కోరుతూ లండన్ వెళ్లాలని అదే ఏడాది మే నెలలో కలకత్తా చేరాడు. ఆరోగ్యం సహకరించక ఆగిపోయాడు. తల్లి వెళ్లి, 1858లో ప్యారిస్‌లో కన్నుమూసింది. ఇక్కడ తిరుగుబాటు మొదలవగానే ఆయన్ను ఫోర్ట్ విలియంలో బంధించారు. 1859లో విడుదలైనా మళ్లీ లక్నో చూడలేదు.

ఏటా 12 లక్షల రూపాయల పింఛనుతో నది ఒడ్డున ఇంకో లక్నో కట్టుకున్నాడు. ఇమాంబారా, తోటలు, పావురాల గూళ్లు, పాముల కొండ, పెద్ద జంతుశాల. తను కదలాలంటే సర్కారు చూపు దాటాలి. తన తోటలోకి ఎవరు రావాలో మాత్రం తనే నిర్ణయించేవాడు. 1879లో అక్కడి నుంచి తప్పించుకున్న ఒక పులి నది ఈది అవతలి బొటానికల్ గార్డెన్‌కు చేరింది. దానికి ఏ అనుమతీ అక్కర్లేకపోయింది.

అప్పటికే, 1876లో, అలీపూర్‌లో ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో జూ తెరుచుకుంది. అది టికెట్ కొన్న ప్రతివారిదీ. రాజు తోటకూ ప్రజల తోటకూ తేడా అదే.

1887 సెప్టెంబరులో నవాబు మరణించాడు. ఆ నేలను ప్రజల తోటగా మార్చే అవకాశం సర్కారు చేతిలోనే ఉంది. కానీ ఎస్టేట్‌ను అమ్మేసింది, జంతువులు వేలానికి పోయాయి, మేడలు చాలావరకు నేలమట్టమయ్యాయి. 1892లో పక్కనే కిదర్‌పూర్ డాక్ మొదలైంది. నేడు గార్డెన్ రీచ్ తీరంలో ఎక్కువ భాగం ఓడరేవు, నౌకల తయారీ సంస్థ, రైల్వేల చేతుల్లో ఉంది. స్థలం ప్రభుత్వానిదే. అయినా పాస్ లేని పౌరుడికి గేటు దగ్గరే నది ఆగిపోతుంది.

ఆయన సమాధి ఉన్న సిబ్తైనాబాద్ ఇమాంబారా తలుపులు మాత్రం తెరిచే ఉంటాయి. అంతటి తోటలో సామాన్యుడు అడుగుపెట్టగలిగేలా మిగిలిన చోట్లలో అదొకటి.