నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మగారు: దాతకు దక్కిన ఫలం

గౌతమీ వాసిష్ఠీ పాయల నడుమనున్న కోనసీమలో ఒకనాడు ప్రయాణమంటే ఏటికొక పడవ, కాలువకొక బల్లకట్టు. రేవులో పడవ తప్పితే పూట భోజనం తప్పినట్లే. అటువంటి దారిలో, వైనతేయ నదీ సమీపాన ఉన్న లంకల గన్నవరంలో, వేళతో నిమిత్తం లేకుండా పొయ్యి వెలిగించే ఇల్లు ఒకటి ఉండేది. ఆ ఇంటి ఇల్లాలే డొక్కా సీతమ్మగారు. ఆంధ్రదేశంలో అన్నదానం ప్రసక్తి వచ్చినప్పుడు రాజులకంటె, సత్రాధిపతులకంటె ముందుగా స్ఫురించే పేరు ఆమెదే.

సీతమ్మగారు 1841 అక్టోబరులో మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు, తల్లి నరసమ్మగారు. అడిగినవారికి లేదనకుండా అన్నం పెట్టే అలవాటు వల్ల భవానీశంకరంగారిని ఊరివారు బువ్వన్న అని పిలిచేవారట. పసిబిడ్డల నోటి మాట ఒక గృహస్థుకు బిరుదు కావడం విశేషమే. రాజసభలలో లభించే బిరుదులకు శాసనాధారాలుంటాయి. ఈ బిరుదుకు తిన్నవారే ఆధారం. సీతమ్మగారికి పాఠశాల చదువు లేదు. ఆమె విద్యాభ్యాసమంతా తండ్రి వాకిట్లో, విస్తరి ముందు జరిగింది.

లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నగారు వేదవేత్త, భూవసతి కలిగిన కర్షకులు. పండితసభకు వెళ్లి వస్తూ మండపేటలో వేళకాని వేళ ఆకలిగొన్న ఆయన భవానీశంకరంగారి ఇంట ఆతిథ్యం స్వీకరించారనీ, అక్కడ సీతమ్మ ఆదరాన్ని గమనించి ఆమెను వివాహమాడారనీ పెద్దలు చెపుతారు. అంటే ఆ దాంపత్యానికి బీజం పడినది కూడా ఒక విస్తరి దగ్గరే.

ఇక్కడ ఒక విషయం విచార్యం. సీతమ్మగారి కథ చెప్పేవారు తరచు దానిని మహిమగానే చెపుతారు. కాని పెట్టడానికి ముందు గాదెలో వడ్లుండాలి కదా! ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. గన్నవరం వద్దనే వైనతేయ మీదుగా కాలువను దాటించే నలభైతొమ్మిది కమానుల అక్విడక్టు కూడా ఆ దశాబ్దిలోనే లేచి, ఆవలి నగరం లంకకు గోదావరి నీటిని చేర్చింది. అప్పటికి సీతమ్మగారు చిన్నపిల్ల. ఆమె గృహిణి అయ్యేనాటికి డెల్టా నేల పండుతున్నది. ఆ పంట ఎందరి ఇళ్లకో చేరింది; దానిని దారిన పోయేవారి విస్తరిలోకి తెచ్చిన ఇల్లు ఇది.

ఆ పని ఎంత శ్రమతో కూడినదో చరిత్రలు చెప్పవు. అర్ధరాత్రి పడవ దిగినవారికి మళ్లీ ఎసరు పెట్టాలి. తడిసిన కట్టెలు ఊదాలి. వచ్చినవారెవరని అడగకుండా వడ్డించాలి. కులమత భేదం లేకుండా ఆమె పెట్టారని సంప్రదాయం ఏకకంఠంగా చెపుతున్నది. ఆ కాలపు ఆచారపరాయణ గృహంలో ఇది సామాన్యమైన తెగువ కాదు.

ఆమె జీవితంలో ప్రసిద్ధమైన ఘట్టం అంతర్వేది ప్రయాణం. ఇల్లు కదలడానికి తీరికలేని సీతమ్మగారు ఒకసారి నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరారు. మార్గమధ్యంలో బోయీలు పల్లకి దింపి సేదదీరుతుండగా, అటుగా పోయే ఒక కుటుంబంలోని పిల్లలు ఆకలికి ఏడవసాగారు. గన్నవరం చేరితే చాలు, సీతమ్మగారింట అన్నం దొరుకుతుందని పెద్దలు వారిని ఊరడిస్తున్నారు. తెర వెనుక ఆ మాట విన్న ఆమె పల్లకిని వెనుకకు తిప్పించి, వారికంటె ముందే ఇల్లు చేరి వంటకు పూనుకొన్నారు. ఆమె ఎవరో ఆ కుటుంబానికి తెలియదు. అయినా ఏడ్చే బిడ్డను ఓదార్చడానికి వారికి దొరికిన మాట ఆమె పేరు. దాతకు లభించగల ఫలాలలో దీనికి మించినది ఊహించడం కష్టం. ఆ ఫలాన్ని ఆమె చెవులారా విన్నారు, వెంటనే దానికి బద్ధురాలయ్యారు.

దానఫలాన్ని గురించి మరొక కథ కూడా ప్రచారంలో ఉంది. ఎడతెగని అన్నదానం వల్ల ఆస్తి కరగిపోతుండగా జోగన్నగారికి పొలంలో బంగారు నాణేల బిందె దొరికిందని జనశ్రుతి. ఋగ్వేద దశమ మండలంలోని నూటపదిహేడవ సూక్తం ఇచ్చేవాని సంపద తరగదనీ, సిరులు రథచక్రాలవలె చేతులు మారుతాయనీ బోధిస్తున్నది. బిందె కథ ఆ భావానికి లోకం అల్లుకొన్న దృష్టాంతం కావచ్చు. కాని పోతన భాగవతంలోని రంతిదేవుని చరిత్రను తలచుకొంటే ఈ కథ వెలవెలబోతుంది. నలుబది ఎనిమిది దినాలు ఉపవసించి, దొరికిన కొద్దిపాటి ఆహారాన్నీ నీటినీ అతిథులకు ధారపోసిన ఆ రాజు ప్రతిఫలంగా సిరిని కోరలేదు. సీతమ్మగారి పక్షాన నిలిచే పోలిక అదే. బిందె దొరకకపోయినా ఆ పొయ్యి ఆరేది కాదనడానికి అంతర్వేది ఘట్టమే చాలు.

రాజగౌరవం ఆమెను వెదకుతూ వచ్చింది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భంగా 1903లో ఆమెకు ప్రభుత్వ ఆహ్వానం అందిందనీ, ఆమె నిరాకరించారనీ, చివరకు ఛాయాచిత్రమైనా తీసుకుపోకుంటే తన ఉద్యోగానికి ముప్పని అధికారి వేడుకోగా జాలిపడి కూర్చున్నారనీ చెపుతారు. ఆ చిత్రాన్ని ఆసనంపై నిలిపి చక్రవర్తి ఢిల్లీలో నమస్కరించాడన్న కథనం మాత్రం నిలువదు. 1903 జనవరి 1న జరిగిన ఢిల్లీ దర్బారుకు ఎడ్వర్డు రానేలేదు. కర్జను నిర్వహించిన ఆ ఉత్సవానికి చక్రవర్తి సోదరుడైన కన్నాట్ డ్యూక్ వచ్చాడు. అయితే నమస్కారం మాట ఎలా ఉన్నా, ఒక చిరుద్యోగి కష్టం తీర్చడానికే ఆమె కెమెరా ముందు కూర్చున్నారన్న అంశం ఆమె స్వభావానికి తగినట్లే ఉంది. అది కూడా ఒకవిధమైన వడ్డనే.

1909 ఏప్రిల్ 28న సీతమ్మగారు పరమపదించారు. గన్నవరం వద్ద వైనతేయపై నిర్మించిన కొత్త అక్విడక్టుకు 2000లో ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరుంచింది. కోనసీమ ఎన్నడూ చూడని నర్సీపట్నం ప్రాంతపు బడిపిల్లలు సైతం మధ్యాహ్నం గంట మ్రోగగానే కంచాలు పట్టుకొని వరుసలో నిలిచేది ఆ పేరు మీద వండిన అన్నానికే.