జాన్ రస్కిన్: ధనమునకు ధర్మమును గుర్తుచేసిన మనీషి

ఇంగ్లండు దేశమున మిల్లులు పెరిగి వర్తకుల పెట్టెలు నిండుచుండగా, ఆ మిల్లులలో పనిచేయు కూలీలు ఇరుకు గదులలో మ్రగ్గుచుండిన కాలమది. మానవుడు లాభాపేక్షచే నడచువాడనియు, గిరాకిని బట్టి కూలి తనంతట తానే నిర్ణయమగుననియు నాటి అర్థశాస్త్రజ్ఞులు పలువురు బోధించుచుండిరి. దయకు, న్యాయమునకు ఆ లెక్కలో చోటు లేదు. ఆ లెక్కయే తప్పని వాదించినవాడు జాన్ రస్కిన్.

ఆయన 1819 ఫిబ్రవరి 8వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి ద్రాక్షసారాయి వర్తకుడు, సంపన్నుడు. ఏకైక పుత్రుడగుటచే రస్కిన్ లేమి యెరుగక పెరిగి, ఆక్స్‌ఫర్డులో చదివెను. 1843లో చిత్రకళపై గ్రంథము ప్రకటించి విమర్శకుడుగా కీర్తి గడించెను. వెనిస్ నగరపు కట్టడములను పరిశీలించుచు, పనివాని సంతోషమో, దాస్యమో అతని చేతిపనిలోనే కనబడునని గ్రహించెను. కళావిచారమే ఆయనను కార్మికుని బ్రతుకు వద్దకు చేర్చినది.

1860లో కార్న్‌హిల్ మాసపత్రికలో ఆయన అర్థశాస్త్రముపై వ్యాసములు వ్రాసెను. సైనికుడును, వైద్యుడును అవసరమైనచో స్వలాభమును విడుతురు గనుకనే లోకము వారిని గౌరవించును. వర్తకునికిని అట్టి ధర్మమే కలదు. మంచి సరకు నందించుట అతని వృత్తి, లాభము దాని వెంట వచ్చునది. కూలికి పోవలసిన అగత్యము ఎవ్వనికిని లేనిచో ధనికుని నాణెములు పొలము దున్నజాలవు. కావున సంపదను కొలుచునపుడు అది ఎవరి బ్రతుకును పెంచినది, ఎవరి బ్రతుకును హరించినది అని విచారింపవలెను. ఇదియే ఆయన వాదసారము.

పాఠకులు ఆగ్రహింపగా, నాలుగు వ్యాసములతోనే సంపాదకుడు థాకరే వాటిని ఆపివేసెను. 1862లో అవి అన్‌టు దిస్ లాస్ట్ అను గ్రంథముగా వెలువడెను. ఉదయము వచ్చినవారికిని, సాయంకాలము వచ్చినవారికిని ఒకే కూలి నిచ్చిన ద్రాక్షతోట యజమాని కథ బైబిలులో కలదు. ఆ పేరు అందుండి గ్రహించినదే.

రస్కిన్ మాటలతో తృప్తిపడలేదు. పేదల అద్దె ఇండ్లను బాగుచేయుటకై ఆక్టేవియా హిల్‌కు ధనసహాయము చేసెను. 1871లో సెయింట్ జార్జి సంఘమును స్థాపించి తన ఆస్తిలో పదియవ వంతు సమర్పించెను. ఆ సంఘము తలపెట్టిన వ్యవసాయ ప్రయత్నములు అంతగా ఫలింపలేదు. ప్రజాస్వామ్యముపై ఆయనకు నమ్మకము తక్కువ. కడపటి దినములలో మనోవ్యాధిచే బాధపడి, 1900 జనవరి 20వ తేదీన కన్నుమూసెను.

నాలుగేండ్ల పిదప, 1904లో, జోహాన్నెస్‌బర్గు నుండి డర్బనుకు పోవు రైలులో గాంధీజీ ఆ చిన్న గ్రంథమును చదివెను. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. త్వరలోనే ఫీనిక్స్ ఆశ్రమము వెలసెను. 1908లో ఆ గ్రంథసారమును గుజరాతీలో సర్వోదయ మను పేర వ్రాసెను. 1951 ఏప్రిలులో హైదరాబాదు సమీపమున శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగెను. అచ్చటినుండి కాలినడకన బయలుదేరిన వినోబాకు పోచంపల్లిలో మొదటి భూదానము లభించెను.

పత్రిక మధ్యలో ఆపివేసిన వ్యాసములు ఒక పుస్తకమై ఇంత దూరము ప్రయాణించినవి. మన గ్రంథాలయపు బీరువాలలో ఏ పుస్తకము ఏ పాఠకునికై వేచియున్నదో ఎవరు చెప్పగలరు?