మూగబోని భేరి: మాక్స్ రోచ్

భేరి మ్రోగితే జనం కదులుతారన్న సత్యం పాలకులకు ఎన్నడూ తెలియనిది కాదు. మన గ్రామాలలో డప్పు, ఉర్దూ కవుల పలుకులో నగారా వార్తను చాటి, చెల్లాచెదరుగా ఉన్న ప్రజలను ఒక్కచోటికి చేర్చిన వాద్యాలు. అమెరికాలోని దక్షిణ కరొలైనాలో 1739వ సంవత్సరంలో బానిసలు డోళ్ళు మ్రోగించుకుంటూ తిరుగుబాటుకు దిగారు. మరుసటి ఏడే, అనగా 1740లో, బానిసలు డోళ్ళు గాని కొమ్ము బూరలు గాని వాడరాదని అక్కడి పాలకులు శాసనం చేశారు. అలా నిషేధానికి గురియైన వాద్యాన్నే చేతబట్టి, రెండు శతాబ్దాల తరువాత తన జాతి స్వేచ్ఛను లోకానికి చాటిన వాద్యకారుడు మాక్స్ రోచ్. ఆయన జీవితం మన విద్యార్థులకు మననం చేసుకోదగినదని భావించి ఈ చిన్న వ్యాసాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మాక్స్ రోచ్ 1924 జనవరిలో ఉత్తర కరొలైనా రాష్ట్రంలోని న్యూలాండ్ అనే పల్లె ప్రాంతంలో జన్మించారు. ఆయనకు నాలుగేళ్ళ వయస్సులో కుటుంబం న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌కు తరలివచ్చింది. తల్లి చర్చిలో భక్తిగీతాలు పాడే గాయని. పదేళ్ళ ప్రాయంలోనే బాలుడు చర్చి వాద్యబృందాలలో డ్రమ్ములు వాయించసాగాడు. పద్దెనిమిదేళ్ళకు, సుప్రసిద్ధుడైన డ్యూక్ ఎల్లింగ్టన్ వాద్యబృందంలో డ్రమ్మరు రాలేకపోయిన సందర్భంలో, ఆ స్థానంలో కూర్చునే అదృష్టం ఆయనకు లభించింది.

జాజ్ అనేది అమెరికాలోని నల్లజాతివారు ప్రపంచానికి అందించిన సంగీతం. ఒక రాగాన్ని తీసుకొని వాద్యకారుడు తన మనోధర్మం ననుసరించి అప్పటికప్పుడు అల్లుకుపోవడం దాని ప్రాణం. అయితే ఆ స్వేచ్ఛ చాలాకాలం బూర వాయించేవారికి, పియానో వాయించేవారికి దక్కినంతగా డ్రమ్మరుకు దక్కలేదు. వెనుక కూర్చుని, నాట్యం చేసేవారి అడుగులకు లెక్క తప్పకుండా తాళం వేయడమే అతని పనిగా ఉండేది. కెన్నీ క్లార్క్ అనే వాద్యకారుడు ఆ లెక్కను కాలితో మ్రోగించే పెద్ద డ్రమ్ము నుండి సింబల్ అనే కంచు పళ్ళెం మీదికి మార్చాడు. రోచ్ ఆ మార్గాన్ని మరింత విస్తరింపజేశారు. రెండు చేతులకు, రెండు కాళ్ళకు వేర్వేరు పనులు అప్పగించి, డ్రమ్ముల చేత ప్రశ్నలు వేయించారు, జవాబులు చెప్పించారు. 1945లో చార్లీ పార్కర్‌తో కలిసి రికార్డు చేసిన వాద్యరచనలలో ఈ నూతన ధోరణి స్పష్టంగా వినిపిస్తుంది. వెనుక వరుసలోని వాద్యానికి ఆయన సమాన గౌరవం సాధించిపెట్టారు. తరువాతి కాలంలో ఆయన తన ప్రజల కోసం కోరినదీ ఆ సమాన గౌరవమే.

1952లో చార్లెస్ మింగస్‌తో కలిసి ఆయన స్వంత రికార్డుల సంస్థను స్థాపించారు. సంగీతం తమది, లాభం పరులది అన్న స్థితి మారాలన్నది వారి ఆశయం. 1954లో క్లిఫర్డ్ బ్రౌన్ అనే యువ ట్రంపెట్ విద్వాంసునితో కలిసి ఆయన నెలకొల్పిన ఐదుగురి బృందం అచిరకాలంలోనే కీర్తి శిఖరాలనందుకుంది. కాని 1956 జూన్‌లో జరిగిన మోటారు ప్రమాదంలో బ్రౌన్, పియానో వాద్యకారుడు రిచీ పావెల్, పావెల్ భార్య మరణించారు. ఆ దుఃఖభారంతో రోచ్ కొంతకాలం మద్యానికి బానిసయ్యారు. మహనీయుల జీవితాలలో చీకటి ఘడియలు ఉండవని మేము చెప్పదలచుకోలేదు. ఆయన ఆ చీకటిలో నుండి తిరిగి తన వాద్యం వద్దకు నడిచి వచ్చారన్నది గమనింపవలసిన విషయం.

1960వ సంవత్సరం ఆయన జీవితంలో కీలకమైనది. ఫిబ్రవరి 1న, ఆయన పుట్టిన ఉత్తర కరొలైనాలోనే, గ్రీన్స్‌బరో పట్టణంలో నలుగురు నల్లజాతి కళాశాల విద్యార్థులు తెల్లవారికి మాత్రమే వడ్డించే ఫలహారపు బల్ల వద్ద కూర్చుని, లేవడానికి నిరాకరించారు. మార్చి 21న, దక్షిణాఫ్రికాలో జోహాన్నెస్‌బర్గ్‌కు దక్షిణాన ఉన్న షార్ప్‌విల్‌లో, నల్లవారు విధిగా వెంట ఉంచుకోవలసిన అనుమతి పత్రాల చట్టాన్ని నిరసిస్తూ గుమిగూడిన జనంపై పోలీసులు కాల్పులు జరుపగా 69 మంది నేలకొరిగారు. గాంధీజీ 1906లో సత్యాగ్రహానికి నాంది పలికిన జోహాన్నెస్‌బర్గ్ ఇదే. ఆ వేసవిలో న్యూపోర్ట్ సంగీతోత్సవ నిర్వాహకులు జాజ్ కళాకారులకు సముచితమైన ప్రతిఫలం ఇవ్వడం లేదని రోచ్, మింగస్‌లు అదే ఊరిలో పోటీ ఉత్సవం జరిపారు.

ఆగస్టు చివరన, సెప్టెంబరు మొదటివారంలో ఆయన తన ప్రసిద్ధ రచనను రికార్డు చేశారు. ఇప్పుడే స్వేచ్ఛ కావాలని పట్టుబట్టే ఆ రచనకు పాటలు రాసినవారు ఆస్కార్ బ్రౌన్ జూనియర్, గానం చేసినవారు ఆబీ లింకన్. 1962లో ఆమెయే ఆయన సహధర్మచారిణి అయ్యారు. రికార్డు అట్టపై ఫలహారపు బల్ల వద్ద కూర్చున్న నల్లజాతి యువకుల చిత్రం ఉంది. రచనలో ఐదు భాగాలున్నాయి. మొదటిది బానిసలపై పెత్తనం చేసిన కావలివాని గూర్చినది. ఐదేసి మాత్రల ఆవృత్తిలో సాగే ఆ పాటలో మొదటి మాత్రపై పడే దెబ్బ కొరడా దెబ్బను స్ఫురింపజేస్తుంది. రెండవది విముక్తి దినపు సంభ్రమం. మూడవ భాగంలో మాటలు లేవు. ఒక స్త్రీ కంఠం, డ్రమ్ములు మాత్రమే ఉన్నాయి. ప్రార్థనగా మొదలైన ఆ కంఠం నిమిషానికి పైగా ఆక్రోశించి, చివరకు అలసిన శాంతిలో విశ్రమిస్తుంది. నాలుగవ భాగంలో నైజీరియా వాద్యకారుడు ఓలతుంజి డోలుతో ఆఫ్రికా పలుకుతుంది. ఐదవది షార్ప్‌విల్ మృతులకు అర్పించిన అశ్రుతర్పణం.

సామాజిక ప్రయోజనం లేని సంగీతాన్ని ఇకపై వాయించబోనని ఆయన ప్రకటించారు. ఆ మాటకు కట్టుబడడంలో స్నేహాన్ని కూడా లెక్కచేయలేదు. 1961 మే నెలలో న్యూయార్క్ కార్నెగీ హాలులో మైల్స్ డేవిస్ ఒక ఆఫ్రికా సహాయ సంస్థ నిమిత్తం కచేరీ చేస్తుండగా, రోచ్ ఆఫ్రికా ఆఫ్రికావాసులదేనని చాటే ఫలకం పట్టుకొని వేదికపై బైఠాయించారు. ఆ సంస్థ వలస పాలకులకు తోడ్పడుతున్నదని ఆయన విశ్వాసం. డేవిస్ పార్కర్ బృందంలో ఆయనతో కలిసి వాయించిన పాత మిత్రుడు. కచేరీ మధ్యలో ఆగిపోయింది. రోచ్‌ను వేదికపై నుండి తొలగించిన పిదప డేవిస్ తిరిగివచ్చి పూర్తి చేశారు. మిత్రుని కచేరీని భంగపరచడం ఉచితమా అన్న విషయమై పాఠకులలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చును. మాకూ ఆ సందేహం లేకపోలేదు. కాని హాయిగా ప్రేక్షకులలో కూర్చుని చప్పట్లు కొట్టగలిగిన మనిషి అవమానాన్ని కోరి వరించారన్నది కాదనలేని సంగతి.

ఈ నిష్ఠకు ఆయన మూల్యం చెల్లించారు. రికార్డింగ్ సంస్థలు తనను దూరంగా ఉంచాయని ఆయన తదుపరి కాలంలో చెప్పుకున్నారు. ఆబీ లింకన్ కూడా 1961 తరువాత పదేళ్ళకు పైగా తన పేరిట రికార్డు చేయలేకపోయారు. ఇది కళ కాదు, ప్రచారమని విమర్శించినవారు ఉన్నారు. కళ కళ కోసమా, ప్రజల కోసమా అన్న ఈ వివాదం మన సాహిత్యానికీ కొత్త కాదు. రోచ్ దానికి తన చేతులతోనే సమాధానం చెప్పారని మా అభిప్రాయం. కొరడా దెబ్బను ఐదు మాత్రల లెక్కలో బిగించగలిగిన సాధన లేకపోతే ఆ ఆగ్రహం ఆనాటితోనే చల్లారిపోయేది.

1972లో ఆయన ఆమ్‌హర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. తాళవాద్యకారులే సభ్యులుగా ఒక బృందాన్ని నడిపారు. వయోలా వాయించే కుమార్తె మాక్సీన్‌తో వేదిక పంచుకున్నారు. 1980వ దశకంలో, మార్టిన్ లూథర్ కింగ్ 1963 నాటి ప్రసిద్ధ ప్రసంగపు ధ్వనిముద్రణకు తోడుగా డ్రమ్ములు వాయించి రికార్డు చేశారు. మరణించిన నాయకుని కంఠంతో సజీవమైన డ్రమ్ము సంభాషించిన అపూర్వ సన్నివేశమది. నూతన తరం వీధి కళాకారులను చిన్నచూపు చూడక వారితో కలిసి వాయించారు. 1988లో మెకార్థర్ సంస్థవారి విశిష్ట పురస్కారం ఆయనను వరించింది.

2007 ఆగస్టు 16న, 83వ ఏట, మాక్స్ రోచ్ న్యూయార్క్‌లో కన్నుమూశారు. అప్పటికి దక్షిణాఫ్రికాలో జాతివివక్ష ప్రభుత్వం అంతరించి పదమూడేళ్ళు గడిచాయి. ఒకనాడు సంస్థలు దూరంగా ఉంచిన ఆయన రచనను 2022లో అమెరికా జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చి భద్రపరిచారు.

విద్యార్థి మిత్రులారా! మనలో అందరమూ వాద్యకారులము కాబోము. కాని వైద్యమో, న్యాయవాదమో, అధ్యాపకత్వమో ఏదో ఒక విద్య మనందరి చేతికీ వస్తుంది. దానిని క్షుణ్ణంగా నేర్చి, అవసరమైన ఘడియలో ఎవరి పక్షాన వినియోగిస్తామన్న ప్రశ్న మన ముందు కూడా నిలుస్తుంది. ఆ ఘడియలో ఈ వాద్యకారుడు జ్ఞాపకానికి వస్తే మా శ్రమ సార్థకమైనట్లే భావిస్తాము.