మరుగుపడిన పద్యముల జాడలో ప్రభాకరశాస్త్రిగారు

బడిలో కంఠస్థము చేసిన పద్యము కొన్నియేండ్లకు ఒకటి రెండు పాదములుగా మిగులును. తక్కినది నాలుక చివర నాడుచుండును గాని పలుకునకు రాదు. అచ్చయిన పద్యమైనచో గ్రంథము తెఱచి చూచుకొనవచ్చును. ఏ గ్రంథమునను చేరని పద్యమో, దానిని ఎఱిగిన కడపటి మనుష్యునితోడనే పోవును. అట్లు పోనున్న పద్యములను వెదకి నిలిపిన పండితుడు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు.

ఆయన 1888 ఫిబ్రవరి 7వ తేదీన కృష్ణాజిల్లా పెదకళ్ళేపల్లిలో జన్మించిరి. శతావధానులు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారికి శిష్యులైరి. పిమ్మట మద్రాసులోని ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున పెక్కేండ్లు పనిచేసి, తాళపత్రములతోడనే కాలము గడపిరి. పాల్కురికి సోమనాథుని బసవపురాణమును 1926లో విపులమైన పీఠికతో ప్రకటించిరి.

కావ్యములకు వ్రాతప్రతులైనను కలవు. చాటువుల గతి అట్టిది కాదు. రాజసభలో నొకటి, రచ్చబండపై నొకటి, ఆకలివేళ నొకటి పుట్టి, నోటినుండి నోటికి సాగిన విడిపద్యములవి. ఒకరికి ఎత్తుగడ తెలియును. మఱొకరికి ముగింపు తెలియును. ఒకే పద్యమును ఒక ఊరివారు శ్రీనాథునిదందురు. వేఱొక ఊరివారు మఱొక కవి కంటగట్టుదురు. జాఱిపోయిన మాటను పట్టుకొనుటకు ఛందస్సే దీపము. ఉత్పలమాలలో నాలుగు పాదములందును రెండవ యక్షరము ప్రాసగా కలియవలెను; పదవ యక్షరమున యతి చెల్లవలెను. ఈ కట్టుబాటు తెలిసినవానికి తప్పుపాఠము వెంటనే పట్టుబడును. ఇట్టి పద్యములను శాస్త్రిగారు చాటుపద్యమణిమంజరిగా కూర్చిరి. శృంగారశ్రీనాథమున ఆ కవి జీవితమును నిరూపించుటకు కావ్యములతోపాటు చాటువులనుకూడ ఆశ్రయించిరి. శ్రీనాథుని పేరనున్న చాటువులన్నియు ఆయనవేనా యని పండితులు నేటికిని వాదింతురు. ఆ వాదమునకైనను పద్యము మిగిలియుండవలెను గదా!

జీవితపు చివరి దశాబ్దమున శాస్త్రిగారు తిరుపతి చేరి, దేవస్థానమువారి ప్రాచ్యపరిశోధనాలయమున తాళ్ళపాకవారి వాఙ్మయముపై కృషిచేసిరి. ఇచ్చట సమస్య తలక్రిందైనది. చాటువునకు నోరు కలదు, వ్రాత లేదు. అన్నమాచార్యుల సంకీర్తనములకు రాగిరేకులపై వ్రాత చెక్కుచెదరకున్నది. పాడు నోళ్ళు చాలవఱకు మూగవోయినవి. రేకులపై రాగము పేరు కలదు గాని స్వరము లేదు. మనుమడు చిన్నన్న రచించిన అన్నమాచార్యచరిత్రమును శాస్త్రిగారు 1949లో పీఠికతో వెలువరించుటచే, ఆ పాటల వెనుకనున్న మనుష్యుడు తెలుగువారికి మరల పరిచితుడయ్యెను.

మఱుసటి యేడే, 1950 ఆగస్టు 29న, శాస్త్రిగారు పరమపదించిరి. తిరుపతిలో ఆయన పేర వాఙ్మయపీఠము నెలకొన్నది.

వ్రాతయొక్కటే చాలదు, జ్ఞాపకమొక్కటే చాలదు. రెండును కలిసిననే పద్యము బ్రతుకును. ఇది ఆయన జీవితము చెప్పు పాఠము. ఇంటిలోని వృద్ధులు సగము చదివి ఆగిన పద్యము నేడును విద్యార్థుల చెవిని పడుచునే యుండును. దానిని విన్నది విన్నట్లు వ్రాసి, చెప్పినవారి పేరును, ఊరును ప్రక్కన చేర్చినచో చాలును. మిగిలిన సగము ఏ ఊరిలోనో, ఏ ముదుసలి నోటనో ఉండవచ్చును.