అరవై రాత్రుల కూలి, ఒక గిటార్: చార్లీ క్రిస్టియన్ జీవితం

1939 వేసవిలో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో, రిట్జ్ కెఫే అనే చోట, ఇరవై మూడేళ్ళ నల్లజాతి యువకుడు ఒకడు వారానికి మూడు రాత్రులు గిటార్ వాయించేవాడు. రాత్రికి రెండున్నర డాలర్లు ఇచ్చేవారు. అతను వాయించిన రకం గిటార్ గిబ్సన్ కంపెనీ ఈఎస్-150. గిటార్, దానికి జతగా వచ్చే ఆంప్లిఫయర్, రెంటినీ కలిపే వైరు అన్నీ కలిపి ధర 150 డాలర్లు. ఆ కూలి లెక్కన అరవై రాత్రులు. తిండీ అద్దే లేకుండా బతికితే ఇరవై వారాల సంపాదన. అతని పేరు చార్లీ క్రిస్టియన్.

ఆ ధర మీదే మొదట ఎందుకు ఆగామంటే, జాజ్ చరిత్ర పుస్తకాల్లో ఇతని కథను మేధావి కథగా చెప్తారు. మేధావే, సందేహం లేదు. కానీ ఎంత మేధావి వాయించినా వినపడకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ రోజుల్లో బ్యాండులో గిటార్ పరిస్థితి అదే. ముందు వరుసలో ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లు పది పన్నెండు దాకా. వెనకాల డ్రమ్స్. ఆ హోరులో చెక్క గిటార్ చేయగలిగింది ఒక్కటే, తీగలన్నీ కలిపి తాళానికి తగ్గట్టు కొడుతూ బ్యాండుకు ఊపు ఇవ్వడం. ఒక్కో స్వరం పలికిస్తూ సోలో వాయిస్తే పక్కన కూర్చున్నవాడికి కూడా వినిపించేది కాదు. కాబట్టి గిటారిస్టు అంటే వెనక కుర్చీ. జీతగాడే కానీ మాట్లాడే హక్కు లేనివాడు.

చార్లీ 1916 జూలై 29న టెక్సాస్‌లోని బోనమ్ అనే ఊళ్ళో పుట్టాడు. బాబాసాహెబ్ అంబేద్కర్ కొలంబియా యూనివర్సిటీలో చదువు ముగించి న్యూయార్క్ నుంచి లండన్‌కు వెళ్ళింది కూడా ఆ ఏడాదే. పిల్లాడికి ఊహ తెలియకముందే కుటుంబం ఓక్లహోమా సిటీకి వలస వచ్చింది. ఆ రాష్ట్రం ఏర్పడింది 1907లో. కొత్త శాసనసభ మొట్టమొదట చేసిన చట్టాల్లో ఒకటి, రైళ్ళలో నల్లవాళ్ళకు వేరే పెట్టెలు పెట్టాలన్నది. చార్లీకి ఐదేళ్ళు నిండకముందే, 1921లో, అదే రాష్ట్రంలోని టల్సాలో తెల్లవాళ్ళ మూకలు నల్లవాళ్ళ పేటను తగలబెట్టాయి.

తండ్రి క్లారెన్స్ సంగీతకారుడు. జ్వరం వచ్చి చూపు పోయింది. చూపు లేని తండ్రి, ముగ్గురు కొడుకులు కలిసి డబ్బున్న తెల్లవాళ్ళ పేటలకు నడిచి వెళ్ళి ఇళ్ళ ముందు పాడేవారు, వాయించేవారు. చేతిలో పెట్టింది పైసలైనా సరుకైనా తీసుకుని ఇంటికొచ్చేవారు. అందరికంటే చిన్నవాడైన చార్లీ మొదట్లో చిందులేసేవాడు. తండ్రి చనిపోయేనాటికి అతనికి పన్నెండేళ్ళు. ఆస్తి అంటూ మిగిలింది తండ్రి వాయిద్యాలే.

నల్లజాతి పిల్లల బడి అయిన డగ్లస్ స్కూల్లో జీలియా బ్రో అనే గొప్ప సంగీతం టీచర్ ఉండేది. చార్లీ టెనర్ శాక్సఫోన్ నేర్చుకుంటానన్నాడు, ఆమె ట్రంపెట్ తీసుకోమంది. అతను ట్రంపెట్ వద్దని బేస్‌బాల్ ఆడుకోవడానికి వెళ్ళిపోయాడు. గిటార్ ఆ బడి బ్యాండులో వాయిద్యమే కాదు. 'ఇన్విజిబుల్ మ్యాన్' నవల రాసిన రాల్ఫ్ ఎలిసన్ అదే పేటవాడు, చార్లీ అన్నకు సహాధ్యాయి. తర్వాత చార్లీ మీద రాసిన వ్యాసంలో ఆయన రెండు విషయాలు గుర్తు చేసుకున్నాడు. ఒకటి, వడ్రంగం క్లాసులో చార్లీ చుట్టల పెట్టెలతో సొంతంగా తీగ వాయిద్యాలు తయారు చేసి తోటి పిల్లల్ని మురిపించేవాడు. రెండోది మనం ఇంకొంచెం జాగ్రత్తగా చదవాలి. ఆ ఊరి నల్లవాళ్ళలోనే మర్యాదస్తులుగా చలామణీ అయ్యేవాళ్ళు జాజ్‌ను తక్కువ రకం సంగీతంగా చూసేవారు. కింద పడేసిన సమాజంలో కూడా కొంచెం పైకి వచ్చినవాళ్ళు తమ సొంత వాయిద్యాన్ని చూసి సిగ్గుపడటం మనకు కొత్త కాదు. డప్పును ఇంట్లో దాచిపెట్టిన తరం మన వాడల్లోనూ ఉంది.

డప్పు అన్నాం కాబట్టి ఒక మాట. దరువు మొదలుపెట్టే ముందు డప్పును గడ్డి మంట మీద కాస్తారు. చర్మం బిగుసుకుని మోత పెరుగుతుంది. పైసా ఖర్చు లేకుండా శబ్దం పెంచుకునే విద్య అది. జాజ్ గిటారిస్టులు కూడా ఏళ్ళ తరబడి ఇలాంటి చౌక దారులే వెతికారు. నరంతో చేసిన తీగలు తీసేసి ఉక్కు తీగలు బిగించారు. గిటార్ పైభాగాన్ని వయొలిన్‌లా ఉబ్బెత్తుగా చెక్కించి మోత పెంచారు. కొందరు రెజొనేటర్ గిటార్ పట్టుకున్నారు. అందులో తీగల కింద పల్చని అల్యూమినియం శంకువు అదురుతుంది, శబ్దం రేకు డబ్బాలోంచి వచ్చినట్టు గణగణమంటుంది. టెక్సాస్‌కు చెందిన నల్లజాతి సంగీతకారుడు ఎడ్డీ డర్హమ్ 1935లో జిమ్మీ లన్స్‌ఫర్డ్ బ్యాండుతో అలాంటి గిటార్ మీద సోలో రికార్డు చేశాడు. స్టేజీ మీద డర్హమ్ వంతు వచ్చినప్పుడు లన్స్‌ఫర్డ్ మైకును తెచ్చి గిటార్ కన్నం దగ్గర పట్టుకునేవాడట. అది ఖర్చు లేని పద్ధతే. కానీ మైకు గిటార్ ఒక్కదాన్నే వినదు, పక్కనున్న డ్రమ్మునూ ట్రంపెట్‌నూ కూడా వింటుంది. కాస్త శబ్దం పెంచగానే స్పీకర్లోంచి వచ్చింది మళ్ళీ మైకులోకి వెళ్ళి కుయ్యిమని అరుస్తుంది.

పికప్ ఆ చిక్కును తప్పించింది. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్టి గిటార్ తీగల కింద పెడతారు. ఉక్కు తీగ అదిరినప్పుడు అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. ఆ కరెంటును ఆంప్లిఫయర్ పెంచి స్పీకర్‌కు పంపుతుంది. గాలిలోని శబ్దంతో దానికి పని లేదు, తీగ కదలికే దానికి కావాలి. కాబట్టి పక్కన ఎన్ని ట్రంపెట్లు మోగినా పికప్ గిటార్‌ను మాత్రమే పట్టుకుంటుంది. గిబ్సన్ ఈఎస్-150 మార్కెట్లోకి వచ్చింది 1936లో. 1937 ప్రాంతంలో ఓక్లహోమా సిటీకి వచ్చిన డర్హమ్‌ను చార్లీ కలిశాడు. కరెంటు గిటార్ కనిపెట్టింది చార్లీ కాదు, మొదట వాయించిందీ అతను కాదు. ఆ మాట ఒప్పుకుంటే అతని గొప్ప తగ్గేదేం లేదు. చాలామంది ఆ పెట్టెను శబ్దం పెంచేదిగా చూశారు. చార్లీ మాత్రం, ఇక గట్టిగా కొట్టాల్సిన అవసరం లేదు కాబట్టి వేళ్ళకు స్వేచ్ఛ వచ్చిందని గ్రహించాడు. బడిలో దొరకని శాక్సఫోన్‌ను గిటార్ మీద వాయించడం మొదలుపెట్టాడు. లెస్టర్ యంగ్ శాక్సఫోన్ పలికినట్టు పొడుగాటి వాక్యాలు, ఊపిరి తీసుకున్నట్టు విరామాలు. కొత్తగా వినేవాళ్ళు దాన్ని శాక్సఫోన్ అనే పొరబడేవారు.

ఆ ఊళ్ళో ఇలాంటివాడొకడున్నాడని జాన్ హామండ్‌కు చెప్పింది పియానిస్టు మేరీ లూ విలియమ్స్. హామండ్ వాండర్‌బిల్ట్ కోటీశ్వరుల వంశపు తెల్లవాడు, రికార్డింగ్ నిర్మాత. ఈ కథ చెప్పేటప్పుడు హామండ్ కనుగొన్నాడని రాయడం అలవాటైపోయింది. కనుగొన్నది నల్లజాతి స్త్రీ, విమానం టికెట్టు కొనగలిగింది తెల్లవాడు. ఈ తేడా మేం గట్టిగా నొక్కి చెప్పదలిచాం.

1939 ఆగస్టు 16న చార్లీ లాస్ ఏంజెలిస్‌లో బెనీ గుడ్‌మన్ ముందు నిలబడ్డాడు. గుడ్‌మన్ షికాగోలో నిరుపేద యూదు వలస కుటుంబంలో పుట్టినవాడు, అప్పటికి దేశంలో అందరికీ తెలిసిన క్లారినెట్ విద్వాంసుడు. అతనికి కరెంటు గిటార్ మీద ఆసక్తి లేదు. హామండ్ తర్వాత రాసుకున్నదాని ప్రకారం, ఆంప్లిఫయర్ కలుపుకోనివ్వకుండానే కాసేపు వెనక తాళం వాయించమని, చాలించమన్నాడు. ఆంప్లిఫయర్ లేకుండా చార్లీని పరీక్షించడమంటే నోరు మూసి పాడమనడమే. ఆ రాత్రి బెవర్లీ హిల్స్‌లోని విక్టర్ హ్యూగో రెస్టారెంట్లో, గుడ్‌మన్ భోజనానికి వెళ్ళిన సమయం చూసి, హామండ్ చార్లీనీ అతని ఆంప్లిఫయర్‌నూ స్టేజీ ఎక్కించాడు. తిరిగొచ్చిన గుడ్‌మన్ మండిపడి, ఈ కుర్రాడికి తెలియదులే అనుకుని 'రోజ్ రూమ్' మొదలుపెట్టాడు. చార్లీకి ఆ పాట తెలుసు. ఒక సోలో తర్వాత ఇంకో సోలో, దేనికదే కొత్తగా. ఆ ఒక్క పాట ముప్పావు గంట సాగిందంటారు. వారానికి ఏడున్నర డాలర్ల మనిషి వారానికి 150 డాలర్ల మనిషయ్యాడు. గిటార్ ధరా కొత్త జీతమూ ఒకే అంకె.

గుడ్‌మన్ చిన్న బృందంలో అప్పటికే లయొనెల్ హాంప్టన్ లాంటి నల్లజాతి కళాకారులు ఉన్నారు. నలుపూ తెలుపూ ఒకే వేదిక మీద కనిపించడం ఆ కాలంలో అరుదు. వేదిక దిగాక హోటల్ గది, భోజనం బల్ల మళ్ళీ వేరు. ఆ అక్టోబర్‌లో బృందం 'ఫ్లయింగ్ హోమ్' రికార్డు చేసింది. డిసెంబర్‌లో డౌన్ బీట్ పత్రికలో చార్లీ పేరుతో ఒక వ్యాసం వచ్చింది. గిటారిస్టులు వెనక కుర్చీ వదలాలని, ఆంప్లిఫయర్ వాళ్ళకు కొత్త దారి తెరిచిందని దాని సారం. కళ గురించి కంటే ఉపాధి గురించి ఎక్కువ మాట్లాడిన ఆ వ్యాసాన్ని ఒక కార్మికుడి పత్రంగా మేం చదువుకున్నాం. 1941 మార్చిలో 'సోలో ఫ్లైట్' రికార్డు చేశారు. ఇత్తడి వాయిద్యాల పూర్తి బ్యాండు వెనకాల ఉంటే, ముందు వరుసలో గిటార్ మాట్లాడుతుంది.

న్యూయార్క్‌లో గుడ్‌మన్ దగ్గర పని అయ్యాక చార్లీ హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్‌కు వెళ్ళేవాడు. 118వ వీధిలో ఉన్న ఆ చోటు పెట్టింది హెన్రీ మింటన్, సంగీతకారుల యూనియన్‌లో మొదటి నల్లజాతి ప్రతినిధి. డబ్బు తీసుకోకుండా కలిసి వాయిస్తే యూనియన్ జరిమానా వేసే రోజులవి. మింటన్ పలుకుబడి వల్ల అక్కడ ఆ భయం లేదు. అక్కడే థెలోనియస్ మంక్, కెన్నీ క్లార్క్‌లతో కలిసి తెల్లవారే దాకా వాయించేవాడు. రోజూ ఆంప్లిఫయర్ మోసుకురావడం ఎందుకని మేనేజర్ టెడ్డీ హిల్ ఒకటి కొని అక్కడే ఉంచాడు. తర్వాత బీబాప్ అని పేరు పడిన సంగీతం ఆ గదిలో రూపు కట్టింది. అంబేద్కర్ చదివిన కొలంబియా నుంచి మింటన్స్‌కు నడిచి వెళ్ళొచ్చు. 1941 మేలో ఆ యూనివర్సిటీ విద్యార్థే, జెర్రీ న్యూమన్, తన డిస్క్ రికార్డర్‌తో వచ్చి ఆ రాత్రుల్ని పట్టుకున్నాడు. స్టూడియో రికార్డుల్లో ఒక వైపుకు మూడు నిమిషాలే పట్టేది, చార్లీకి దక్కేది అందులో కొన్ని క్షణాలు. న్యూమన్ డిస్కుల్లో అతను తోచినంత సేపు వాయించడం మనకు దొరుకుతుంది. మొదటిసారి వినేవాళ్ళకు వాటితోనే మొదలుపెట్టమని చెప్తాం.

క్షయ అప్పటికే ఊపిరితిత్తుల్లో ఉంది. ఇరుకు గదులు, తిండి లేని బాల్యం, నిద్ర లేని ప్రయాణాలు. నల్లవాళ్ళలో క్షయ చావులు తెల్లవాళ్ళలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువున్న దేశం అది. 1941 జూన్‌లో పడిపోయాడు. స్టాటెన్ ఐలండ్‌లోని సీవ్యూ ఆసుపత్రిలో చేర్చారు. 1942 మార్చి 2న చనిపోయాడు. ఇరవై ఐదేళ్ళు. క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది మరుసటి ఏడాది, 1943లో. గుడ్‌మన్‌తో అతని కొలువు రెండేళ్ళకు మించలేదు.

శవాన్ని బోనమ్ తీసుకెళ్ళి గేట్స్ హిల్ శ్మశానంలో పాతిపెట్టారు. సమాధి మీద రాయి లేదు. ఈఎస్-150లోని ఆ పికప్‌ను గిటార్లు చేసేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఇప్పటికీ చార్లీ క్రిస్టియన్ పికప్ అనే పిలుస్తారు. ఆ పేరు దుకాణాల్లో నోళ్ళలో నానుతున్నంత కాలమూ, ఆ పేరు గల మనిషి మట్టి మీద ఒక్క అక్షరం లేదు. పేరు చెక్కిన రాయి 1994లో వచ్చింది, చనిపోయిన 52 ఏళ్ళకు.